ఐదుంపావుకి ఆగిన సినిమాలు

సోమవారం పొద్దున మా కుట్టుగదిలో మిషన్లు మాట్లాడవు. వారానికి సరిపడా బట్టను అప్పుడే తానుల్లోంచి విప్పి బల్ల మీద పరుస్తారు. మేస్త్రిగారు సుద్దతో గీతలు గీసి, పొరల మీద పొరలు కత్తిరించేదాకా కుట్టడానికి ఎవరికీ ఏమీ ఉండదు. ఆ గంటసేపు మిషన్లకు నూనె పెట్టుకుంటాం, బాబిన్లకు దారం చుట్టుకుంటాం, పోయిన వారం చొక్కాలకు వేలాడే పోగులు తుంచుతాం. పెద్ద కత్తెర బట్టలోంచి వెళ్ళే చప్పుడొక్కటే వినిపిస్తుంది, ఎవరో తడి ఇసుకలో మెల్లగా నడుస్తున్నట్టు.

ఆ గంట కాజాల పిన్నిది.

కిటికీ పక్కన, వెలుతురు నేరుగా ఒళ్ళో పడే చోట ఆమె కుర్చీ. మా గదిలో అన్నీ మిషన్ల మీదే సాగుతాయి కానీ కాజాలూ గుండీలూ మాత్రం ఆమె చేతి మీదుగానే పోవాలి. బడిపిల్లల చొక్కాలు, ఆసుపత్రి కోట్లు, డ్రైవర్ల యూనిఫాంలు, ఎవరు ఏ ముక్క కుట్టినా చివరికి ఆమె ఒళ్ళోకి చేరాల్సిందే. నేను జేబులు అతుకుతాను. కాలర్ల వదిన కాలర్లు వేస్తుంది. మేం కుట్టినంతసేపూ అది బట్టే. పిన్ని గుండీ పెట్టాకే చొక్కా అవుతుంది. ఆ తర్వాత ఇస్త్రీ బాబాయి దాన్ని మడతపెడతాడు.

పిన్నికి యాభై దాటాయి. సన్నటి మనిషి, కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు మీద సగానికి జారి ఉంటుంది. దారాన్ని పళ్ళతో కొరకదు. "ఎంగిలి తగిలితే కాజా అలుగుతుంది" అంటుంది. నెలకు రెండు ఆదివారాలు సినిమాకు వెళ్తుంది. ఎప్పుడూ ఒకే హాలు, మూడు గంటల ఆట, చివరి వరసలో దారి పక్క సీటు. ఒక్కతే వెళ్తుంది. "నేనూ రానా పిన్నీ?" అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట: "పక్కన తెలిసిన మనిషుంటే సగం సినిమా వాళ్ళ మొహంలో చూడాల్సొస్తుందే. నన్నొదిలెయ్." నిజమే కాబోలనుకున్నాం.

మర్నాడు పొద్దున ఆ సినిమా మా గదికి వచ్చేది.

"ఏం పిన్నీ, నిన్న ఏం చూశావు?" అని మొదట అడిగేది ఇస్త్రీ బాబాయే.

"ముందు నువ్వు చెప్పు బాబాయ్. నువ్వూ వెళ్ళావటగా."

"వెళ్ళాను. తలనొప్పి. ఒక్కడు ముప్ఫైమందిని కొడతాడు. వాడి చొక్కా ఒక్క మడతైనా నలగదు."

"అదీ నీ మంట! అందరూ అలా ఉంటే నీ ఇస్త్రీపెట్టె ఏం కావాలి?"

"నువ్వే చెప్పు, బాగుందా అది?"

"బాగుంది, బాగాలేదు అని తేల్చెయ్యడానికి సినిమా ఏమన్నా కూరా? నాకు అందులో ఒక ముసలాయన నచ్చాడు. ఆ ముప్ఫైమందిలో చివరివాడు. అందరూ ఎగిరి పడుతుంటే ఆయన మాత్రం పడేముందు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. చూశావా?"

బాబాయి చూడలేదు. మేమెవరం చూసినా అది చూసి ఉండేవాళ్ళం కాదు. పిన్ని కళ్ళు అలాంటివి. పెద్ద మంటలో చిన్న నిప్పురవ్వను వెతుక్కునేవి. డాక్టరు కోటు మరీ కొత్తగా ఉంటే, "పదేళ్ళ సర్వీసున్న డాక్టరుకి జేబు మూల సాగి ఉండాలి, పెన్నులు దోపీ దోపీ" అనేది. పేదింటి పిల్ల గౌనుకు అతుకు వేసి ఉంటే, "ఆ అతుకు అమ్మ వేసింది కాదు, కంపెనీ వేసింది. అమ్మ వేస్తే పువ్వు వేసేది" అనేది. అయినా ఏ సినిమానీ తోసిపారెయ్యలేదు. రెండున్నర గంటల్లో ఒక్క చూపైనా దొరక్కుండా ఉండదని ఆమె నమ్మకం. వానలో తడుస్తున్న బస్సు అద్దమో, ఎవరూ కూర్చోని కుర్చీయో తెచ్చి మా చేతుల్లో పెట్టేది. మేం నూనె మరకల వేళ్ళతో దాన్ని అందుకునేవాళ్ళం.

ఇక ముగింపులు. వాటిని ఆమె చెప్పే తీరే వేరు. చేతిలో కాజా చుట్టూ దారం తిప్పుతూ, ఆఖరి ముడి వేసేదాకా కథను ముడివెయ్యదు. "తర్వాత?" అంటామా, సూది ఆగుతుంది. "తర్వాతా..." అని కిటికీలోంచి బయటికి చూస్తుంది. అక్కడ ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ ఉండదు. అందులోంచే ఏదో తోడి తెచ్చినట్టు మెల్లగా చెప్పేది. ఆమె చెప్పిన సినిమాల్లో పోయినవాళ్ళు అందరూ తిరిగి రారు కానీ, ఎవరో ఒకరు తలుపు తీసేవాళ్ళు.

ఒక సోమవారం అక్కాచెల్లెళ్ళ సినిమా చెప్పింది.

రేవులో పడవ టిక్కెట్లు అమ్మే ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. ఏదో మాట మీద మాట పెరిగి ఏళ్ళ తరబడి మాటల్లేవు. పక్కపక్క కిటికీల్లో కూర్చుని టిక్కెట్లు కోస్తుంటారు, ఒకరి గొంతు ఒకరికి వినపడుతూనే ఉంటుంది. ఆఖరికి అక్క ఊరు విడిచి ఓడెక్కడానికి పెట్టె సర్దుకుని రేవుకు పోతుంది. అక్క మరిచిపోయిన చలికోటు చెల్లెలికి కనపడుతుంది. పట్టుకుని పరుగెడుతుంది.

"తర్వాత?" అంది కాలర్ల వదిన.

వదిన ఎప్పుడూ "తర్వాత" అని అడిగే మనిషి కాదు. ఆమెకూ ఒక అక్క ఉంది. తల్లి పోయినప్పుడు ఆమె కుట్టుమిషను ఎవరు తీసుకోవాలన్న దాని మీద మాట తేడా వచ్చి ఆరేళ్ళయింది. మిషను వదిన తెచ్చుకుంది, అక్క మాట్లాడటం మానేసింది. ఇద్దరిళ్ళ మధ్యా నాలుగు వీధులు.

పిన్ని కిటికీలోంచి చూసింది. "తర్వాతా... చెల్లెలు అందుకుంది. ఒక్క మాట అనలేదు. కోటు అక్క భుజాల మీద వేసి పక్కన నిలబడింది. అక్క గుండీలు పెట్టుకుంటోంది. మూడో గుండీ దగ్గర చెయ్యి ఆగింది. ఆ గుండీ ఎప్పుడో ఊడిపోయింది కదా, ఎవరో మళ్ళీ కుట్టారు. కోటు నీలం, దారం ఎరుపు. ఇంట్లో ఏ దారం ఉంటే దానితో, అర్ధరాత్రి లేచి కుట్టిన గుండీ అది. అక్క పెట్టె కింద పెట్టింది. అంతే."

కత్తెర చప్పుడు కూడా ఆగింది. వదిన ఎవరివైపూ చూడకుండా నూనె డబ్బా మూత బిగించుకుంది, అప్పటికే బిగించిన మూతని.

ఆ వారమంతా వదిన మధ్యాహ్నం భోజనాల వేళ ముదురు నీలం బట్టతో ఏదో కుట్టింది. శనివారం దాన్ని పిన్ని ఒళ్ళో పెట్టింది. చలికోటు.

"మూడో గుండీ ఎర్రదారంతో కుట్టు పిన్నీ," అంది.

పిన్ని ఒక్క క్షణం దాన్ని చేత్తో నిమిరింది. ఏదో చెప్పబోయి ఆగిందని నాకు తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం, చూపు ఆనక సూది బెజ్జం వెతుక్కుంటోందనే అనుకున్నాను. కుట్టి ఇచ్చింది.

మరుసటి సోమవారం మా గదిలోకి ఒక కొత్తమ్మాయి వచ్చింది, చొక్కా చేతులు కుట్టడానికి. చురుకైన పిల్ల, నోరు ఇంకా చురుకు. మేం సినిమాల గురించి మాట్లాడుకుంటుంటే వచ్చి కలిసింది.

"రేవు సినిమానా? నిన్ననే చూశానండీ! అబ్బ, చివర్లో ఏడుపాగలేదు. ఆ ఓడ వెళ్ళిపోతుంటే..."

"ఓడ వెళ్ళిపోవడమేంటి?" అన్నాడు బాబాయి. "అక్క ఆగిపోయిందిగా."

"ఆగడమా? ఎక్కడ ఆగింది? చెల్లెలు వచ్చేసరికే ఓడ కదిలిపోయింది కదా. ఆ కోటు తనే వేసుకుని గట్టు మీద కూర్చుంటుంది. సినిమా అయిపోతుంది."

"గుండీ?" అన్నాను నేను.

"ఏ గుండీ?"

గదిలో అందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. పిన్ని సూదిని చొక్కా అంచుకు గుచ్చి, కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

"నేను చూడలేదు తల్లీ," అంది.

అప్పుడు చెప్పింది. పడగ్గదిలోంచి వీధి గుమ్మానికి, అక్కడినుంచి ఎటు వీలైతే అటు నడిచిపోయే అత్తగారుంది ఇంట్లో. మతిమరుపు. ఒంటరిగా వదలడానికి లేదు. పక్కింటి నర్సమ్మ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ దగ్గర కూర్చుంటుంది కానీ, ఐదున్నరకల్లా డ్యూటీకి బయల్దేరాలి. మూడు గంటల ఆట ముగిసేసరికి ఆరవుతుంది. అందుకని హాల్లో ఐదుంపావు కాగానే పిన్ని లేచి వచ్చేస్తుంది. పదకొండేళ్ళుగా. ఏ సినిమా అయినా ఆమెకు ఐదుంపావుకే ఆగిపోతుంది.

"మరి మాకు చెప్పినవన్నీ?" వదిన గొంతు పైకి లేచింది.

"ఐదుంపావుదాకా సినిమావే. ఆ తర్వాతవి..."

"నీ అల్లికలు! నేను నిన్న ఆ కోటు తీసుకెళ్ళి మా అక్క గుమ్మానికి తగిలించి వచ్చాను, తెలుసా? ఆరేళ్ళ తర్వాత! తలుపు కొట్టే ధైర్యం లేక, గొళ్ళేనికి తగిలించి దొంగలా వచ్చాను. సినిమాలో అయిందిగా, నాకూ అవుతుందేమో అని. చివరికి ఓడ వెళ్ళిపోయిందట! నన్ను ఎర్రదారం పిచ్చిదాన్ని చేశావు పిన్నీ. కుట్టేటప్పుడైనా ఒక్క మాట అనలేకపోయావా?"

"అనాలనుకున్నాను. నీ మొహం చూసి అనలేకపోయాను."

"జాలి చూపించావన్నమాట."

"అబద్ధం చెప్పాలని కాదే. మీరు 'తర్వాత?' అంటే ఏమీ లేదని చెప్పడం నా వల్ల కాలేదు."

వదిన మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. కుట్టడానికి ఏమీ లేకపోయినా మోటారు వేసింది. ఖాళీ సూది పైకీ కిందికీ ఆడుతూ ఉంది. కొత్తమ్మాయి నా చెవిలో, "నేనేమన్నా తప్పు మాట్లాడానా అక్కా?" అంది.

ఆ తర్వాత ఆదివారం పిన్ని సినిమాకు వెళ్ళలేదు. ఆపై ఆదివారమూ వెళ్ళలేదు. సోమవారం వచ్చేది, కుర్చీలో కూర్చునేది, పోగులు తుంచేది. ఆ గంట చొక్కా నుంచి రాలిన గుండీలా గదిలో ఎక్కడో దొర్లుతూ ఉండేది. ఎవరూ వంగి తీసేవాళ్ళు లేరు.

బాబాయి ప్రయత్నించకపోలేదు. "నేను చెప్తా వినండి. నిన్న చూశాను. హీరో చచ్చిపోతాడు."

"మొదలుపెట్టడమే అలా పెట్టావేం బాబాయ్?" అన్నాను.

"అంటే, ముందు పుడతాడనుకో. తర్వాత ఏవో పాటలున్నాయి. మధ్యలో నాకు కునుకు పట్టింది."

నవ్వు వచ్చింది కానీ ఎవరి నవ్వూ పక్కవాళ్ళదాకా వెళ్ళలేదు.

సినిమాల గురించి ఏనాడూ నోరు విప్పని మేస్త్రిగారు కత్తెర ఆపి, "ఏమ్మా, ఇక ప్రతి సోమవారం ఈ కత్తెర చప్పుడే వినాలా నేను?" అన్నారు.

"సినిమాలు మానేశాను మేస్త్రిగారూ. చివరిదాకా చూడలేని మనిషికి దాని గురించి మాట్లాడే హక్కెక్కడుంది?"

ఆ మాట నెమ్మదిగానే అంది. ఆమె చేతిలో కాజా ఎప్పటిలాగే నీటుగా సాగుతోంది. కానీ ఆమె కిటికీలోంచి చూడటం మానేసింది. ఎదురింటి నీళ్ళ ట్యాంకు ఉత్త నీళ్ళ ట్యాంకు అయిపోయింది. నాకు భయం వేసింది. నెలలో ఆమె తనకోసం ఉంచుకున్నవి రెండు మధ్యాహ్నాలు. మిగతా పగళ్ళు మాకు, సాయంత్రాలూ రాత్రులూ అత్తగారికి. ఆ రెండూ పోతే ఆమెకంటూ ఏం మిగులుతుంది?

మూడో సోమవారం పొద్దున వదిన ఆలస్యంగా వచ్చింది. చేతిలో గుడ్డసంచి. దాన్ని బల్ల మీద బోర్లించింది. నీలం కోటు బయటపడింది.

"తిప్పి పంపిందా?" అన్నాడు బాబాయి జాలిగా.

"పొద్దున మా బావ వచ్చి గుమ్మంలో ఇచ్చిపోయాడు." వదిన కోటు జేబులో చెయ్యి పెట్టి ఒక చీటీ తీసింది. నాకిచ్చింది. నేను పైకి చదివాను.

"చంకల్లో బిగుతుగా ఉంది. నేను లావెక్కానని నీకు తెలీదు కదా. వదులు చేసి పంపు. నువ్వే తెచ్చి ఇచ్చినా సరే. ఎర్రదారం గుండీ మాత్రం మార్చకు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. మొదట నవ్వింది మేస్త్రిగారే. "అంటే వేసుకుని చూసిందమ్మా! వేసుకోకపోతే చంకలు బిగుతని ఎలా తెలుస్తుంది?"

వదిన ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ తిడుతోంది. "చూడు, ఆరేళ్ళ తర్వాత మొదటిమాట ఏమందో! కొలత తప్పట! నా కొలత!" కోటు పట్టుకుని విసవిసా కిటికీ దగ్గరికి నడిచి, పిన్ని ఒళ్ళో పడేసింది.

"నీ సినిమా ఇంకా అయిపోలేదట. తీసుకో."

పిన్ని ఎర్రదారం గుండీని బొటనవేలితో రాసింది. తలెత్తలేదు. కళ్ళజోడు అంచు నుంచి నీటిబొట్టు ఒకటి జారి నీలం బట్టలో ఇంకిపోయింది.

"విను," అంది వదిన, గొంతు ఇంకా కోపంగానే ఉంచుకుని. "ఈ ఆదివారం మీ అత్తగారి దగ్గర నేను కూర్చుంటాను. నువ్వు వెళ్ళు. చివరిదాకా చూసి రా. వచ్చాక నీకిష్టమైతే అబద్ధమే చెప్పు, నాకేం అభ్యంతరం లేదు. కానీ చూసి చెప్పు."

"ఆవిడ అటూ ఇటూ వెళ్ళిపోతుందే..."

"ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని. మీ అత్తగారు నా చేతుల్లోంచి ఎటు పోతుందో నేనూ చూస్తాను."

ఆదివారం నన్ను కూడా రమ్మంది పిన్ని. మొహంలో సినిమా చూడాల్సొస్తుందన్న మాట ఇక ఎత్తలేదు.

స్కూలు బస్సు నడిపే ఒకాయన కథ. ఉద్యోగంలో ఆయనకు ఆఖరి రోజు. పెద్దగా ఏమీ జరగదు. పిల్లలు ఎక్కుతారు, దిగుతారు, అల్లరి చేస్తారు. ఒక పిల్ల పసుపు రంగు గొడుగు సీటు కింద మరిచిపోతుంది. నాకు మొదట్లో కొంచెం విసుగనిపించింది. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆయన చొక్కా చూడు. కిటికీ వైపు చెయ్యి వెలిసిపోయింది, రెండోది వెలవలేదు. ఎండ ఒకవైపే పడుతుందిగా ఇన్నేళ్ళూ. ఎవరు కుట్టారో కానీ మనిషిని చూసి కుట్టారే."

ఆ తర్వాత నాకు విసుగు వేయలేదు. ఆ చేతివైపే చూస్తూ కూర్చున్నాను. ఒక మనిషి ముప్ఫై ఏళ్ళ ఎండ ఆ ఒక్క చొక్కా చేతి మీద ఉంది.

పిల్లలందరూ దిగిపోయాక ఖాళీ బస్సు వంతెన మీద ఆగింది. సరిగ్గా అప్పుడే పక్కన కదలిక తెలిసింది. పిన్ని వాచీ చూసుకోలేదు. కానీ ఆమె పాదాలు చీకట్లో చెప్పుల కోసం వెతుకుతున్నాయి. చెయ్యి సంచి పట్టీ మీదికి వెళ్ళింది. ఐదుంపావు అయి ఉంటుంది. పదకొండేళ్ళ అలవాటు ఆమెను లేపుతోంది. నేను ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను.

"వదిన ఉంది పిన్నీ."

"ఆఁ," అంది. సంచి వదిలింది. ఆ తర్వాత అరగంట ఆమె తెరను చూసిన తీరు నేను మరిచిపోలేను. ఎప్పుడూ వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగిన మనిషి, మొదటిసారి మలుపు తిరిగినప్పుడు అలా నడుస్తుంది. ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటోంది.

డ్రైవరు బస్సును షెడ్డులో పెట్టాడు. తాళాలు అప్పగించాడు. ఇంటికి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తెర మీద ఖాళీ బస్సు చాలాసేపు ఉంది. సీటు కింద పసుపు గొడుగు. అయిపోయింది.

దీపాలు వెలిగాయి. జనం లేచారు. కుర్చీలు టపటపా మడతపడ్డాయి. పిన్ని కదల్లేదు. తెర మీద పేర్లు కిందినుంచి పైకి పాకుతున్నాయి.

"ఎవరివే ఇవన్నీ?"

"సినిమాకి పనిచేసినవాళ్ళవి పిన్నీ."

"అందరివీ వేస్తారా?"

"వేస్తారనుకుంటా. నేనెప్పుడూ చూడలేదు." నిజంగానే చూడలేదు. చివరిదాకా కూర్చునే అవకాశం ఉండి కూడా పేర్లు మొదలవగానే మెట్ల దగ్గరికి పరుగెత్తేవాళ్ళమే మేమంతా.

చీపురు పట్టుకుని హాలు ఊడ్చే ఆవిడ మా వరసదాకా వచ్చింది. "అయిపోయిందమ్మా, లేవండి."

"ఇంకా అవలేదమ్మా, పేర్లొస్తున్నాయి. ఊడ్చేవాళ్ళవి కూడా ఉంటాయేమో, నిలబడు," అంది పిన్ని. ఆవిడకేమనిపించిందో, చీపురు భుజానికి ఆనించి నిలబడింది.

బస్సులు తెచ్చినవాళ్ళు, దీపాలు మోసినవాళ్ళు, టీలు ఇచ్చినవాళ్ళు. అప్పుడు వచ్చింది. 'కుట్టుపని' అని, దాని కింద ఆరు పేర్లు. ఆ ఆరింటి కింద ఇంకొంచెం చిన్న అక్షరాల్లో, 'గుండీలు, చేతికుట్టు' అని, ఒక్క పేరు.

పిన్ని లేచి నిలబడింది. వెళ్ళడానికి కాదు. ఎవరైనా పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేస్తామే, అలా. ఆ పేరు పైకి పాకి తెర అంచు దాటిపోయేదాకా నిలబడే ఉంది. తర్వాత సంచి వెతికి, టిక్కెట్టు ముక్క తీసి, "పెన్నుందా నీ దగ్గర?" అంది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు మంచం మీద, వదిన నేల మీద కూర్చుని ఉన్నారు. వీధి తలుపు గొళ్ళేనికి వదిన తన కొలత టేపు ముడివేసి ఉంచింది. ఇద్దరూ దేనికో పగలబడి నవ్వుతున్నారు.

"పిన్నీ, మీ అత్తగారు ఎన్ని సినిమాలు చెప్పిందనుకున్నావ్!" అంది వదిన. "రేవు సినిమా కూడా చెప్పింది. ఎర్రదారంతో సహా."

పిన్ని తడబడింది. "ఆదివారం రాత్రి అన్నం తినదు. సినిమా చెప్తేనే ముద్ద మింగుతుంది. చివరిదాకా చెప్పకపోతే, వాళ్ళేమయ్యారో చూసొస్తానని లేచి తలుపు తీస్తుంది. అందుకని..."

మా ముగింపులు ఎక్కడ పుట్టాయో అప్పుడు తెలిసింది. ఒక ముసలమ్మ ఇల్లు దాటిపోకుండా ఆదివారం రాత్రుళ్ళు అల్లిన గొళ్ళేలు అవి. మర్నాడు వాటినే మాకు తెచ్చి పంచేది.

అత్తగారు నావైపు చూసి, ఎవరో గుర్తురాకపోయినా చెప్పింది: "మా కోడలు చూసే సినిమాల్లో ఎవరూ ఓడ తప్పిపోరమ్మా. మంచి సినిమాలకే వెళ్తుంది."

సోమవారం వచ్చింది. తానులు విప్పారు. బట్ట మీద సుద్ద గీతలు పడ్డాయి. పిన్ని బస్సు సినిమా మొదలుపెట్టింది. వెలిసిన చొక్కా చెయ్యి దగ్గర బాబాయి, "ఎండకి వెలిసింది ఇస్త్రీకి తిరిగి రాదు, నిజం," అని నిట్టూర్చాడు. బస్సు వంతెన మీద ఆగింది. అక్కడ పిన్ని కూడా ఆగింది.

"తర్వాత?" అన్నారు మేస్త్రిగారు.

మేమంతా ఆయనవైపు తిరిగాం. పదకొండేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. ఆయన సిగ్గుపడి సుద్దముక్కను చెవి మీద దోపుకున్నారు.

"బస్సు షెడ్డులో పెట్టి ఇంటికెళ్ళిపోయాడు మేస్త్రిగారూ. అది వాళ్ళ ముగింపు. తప్పు పట్టడానికేం లేదు, కుట్టు గట్టిగానే ఉంది."

"అంతేనా?" అంది కొత్తమ్మాయి.

"అక్కడితో అవలేదు. సినిమా అయిపోయాక కూడా సినిమా ఉంటుంది, తెలుసా మీకు?"

"ఆఁ, బయట బండ్ల దగ్గర తోపులాట," అన్నాడు బాబాయి.

పిన్ని కళ్ళజోడు పెట్టెలోంచి టిక్కెట్టు ముక్క తీసింది. పేర్ల సంగతి చెప్పింది. కుట్టుపనికి ఆరుగురు, గుండీలకు ఒకరు. ఆ ఒక్క పేరూ పైకి చదివింది. మాకెవరికీ ఆ మనిషి తెలియదు, ఏ ఊరో, ఆడో మగో కూడా పేరును బట్టి తేల్చలేకపోయాం. అయినా టిక్కెట్టు చేతులు మారింది. ఒక్కొక్కరం ఆ పేరును ఒకసారి పలికి చూశాం. చేతికుట్టు మనిషి పేరు అంత పెద్ద తెర మీద, అంతమంది లేచి వెళ్ళిపోతున్నా వెలుగుతూ ఉందంటే, బాబాయికి కూడా వేళాకోళం రాలేదు.

వదిన టిక్కెట్టును తిరిగి పిన్నికి ఇచ్చి, నీలం కోటు చంకల దగ్గర కుట్టు విప్పుతూ కూర్చుంది. ఆ సాయంత్రం అది నాలుగు వీధులు దాటి వెళ్ళాలి, ఈసారి తనే తీసుకెళ్తోంది.

"సరే, వాళ్ళది విన్నాం," అంది. "ఇక నీది చెప్పు."

"చూశాక కూడానా?"

"చూశావు కాబట్టే. ఆ గొడుగు సంగతి వాళ్ళు వదిలేశారుగా."

మేస్త్రిగారు కత్తెర కింద పెట్టేశారు. పిన్ని సూదిలోకి కొత్తదారం ఎక్కించింది. కళ్ళజోడు పైకి తోసుకుని, కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు వైపు చూసింది.

"గొడుగు ఎవరిదో డ్రైవరుకి తెలుసు," అని మొదలుపెట్టింది.